పుస్తకం మూసి చదవండి

ఈ సాయంత్రం నా మాటలు ముఖ్యంగా పదో తరగతి పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు.

మార్చి వచ్చిందంటే మన నల్లరేగడి పల్లెల్లో రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. చేలల్లో మిరపకాయ కోతలు, బళ్ళలో పబ్లిక్ పరీక్షలు. ఇటు కారంపూడి, దాచేపల్లి, వినుకొండ నుంచి అటు మార్టూరు, త్రిపురాంతకం, పుల్లలచెరువు దాకా ఎక్కడ చూసినా కల్లాల్లో కాయ పరిచి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీ బస్తాలు వేసుకుని వెళ్ళే లారీలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ఏడాది పొడుగునా పెట్టిన పెట్టుబడి చేతికొచ్చే రోజులివి. ఇంట్లో ఏ ఒక్కరూ ఖాళీగా కూర్చోలేని రోజులూ ఇవే. పదో తరగతి చదివే పిల్లయినా, పిల్లాడైనా ఆ పనిలో ఎంతో కొంత చెయ్యి వెయ్యక తప్పదు. పట్నంలో కొంతమంది పిల్లలకు పరీక్షల ముందు పది రోజులంటే గదిలో తలుపు వేసుకుని చదువుకునే పది రోజులు. మన పిల్లలకు అలా కుదరదు. తెల్లారుజామున ఒక గంట, రాత్రి భోజనాలయ్యాక ఇంకో గంటో రెండో, మధ్యలో తునకలు తునకలుగా దొరికే సమయం. అంత కొద్ది సమయంలో కూడా గట్టిగా నిలిచే చదువు ఒకటుంది. దాని గురించే చెబుతాను.

ముందు, మనం మామూలుగా చేసే పనేమిటో చూద్దాం. పరీక్షలు దగ్గరపడగానే పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ తిరగేస్తాం. రంగు పెన్నుతో గీతలు గీస్తాం. గైడు తీసి ముఖ్యమైన ప్రశ్నల జవాబులు మూడోసారి, నాలుగోసారి చదువుతాం. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఒక వాక్యం కనపడగానే తరవాతి వాక్యం ఏమిటో మనసులో మెదులుతుంది. అమ్మయ్య, ఈ పాఠం వచ్చేసింది అనుకుని పేజీ తిప్పేస్తాం. తీరా పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు కూర్చుంటే అదే జవాబు మొదటి ముక్క కూడా గుర్తు రాదు. అప్పుడు పిల్లలు నాకు తెలివి లేదు అనుకుంటారు. ఇది నాకు చాలా బాధ కలిగించే మాట. తెలివికీ దీనికీ సంబంధం లేదు. చూసిన దాన్ని ఆనవాలు పట్టటం ఒక పని, చూడకుండా తలలోంచి బయటికి తియ్యటం ఇంకో పని. ఇంట్లో మొదటిది సాధన చేసి, పరీక్షలో రెండోది చెయ్యమంటే మెదడు మాత్రం ఏం చేస్తుంది?

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చారు. కొన్ని పాఠాలను రెండుసార్లు చదివించారు. మరికొన్నింటిని ఒకసారి చదివించి, కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠాలే ఎక్కువ గుర్తున్నాయి, నూటికి 81 పాళ్ళు. ఒకసారి చదివి రాసిన పాఠాలు 75. వారం తరవాత పరీక్ష పెట్టేసరికి తారుమారైంది. రెండుసార్లు చదివినవి 42కు పడిపోయాయి, చూడకుండా రాసినవి 56 దగ్గర నిలిచాయి. ఇంకో విశేషం ఉంది. అదే తరహా మరో ప్రయోగంలో, పదేపదే చదివినవాళ్ళే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పారు. ఆ ధీమానే మన పిల్లల్ని మోసం చేసేది. పరీక్షకు పది రోజులున్నప్పుడు మీకు కావలసింది అయిదు నిమిషాల జ్ఞాపకం కాదు కదా, వారం నిలవాలి.

ఈ సంగతి తెలుసుకోవటానికి నిజానికి మనం అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. నరసరావుపేటకు దగ్గర్లోనే కొప్పరం అనే ఊరుంది. కొప్పరపు సోదర కవులు పుట్టిన ఊరు. వేంకట సుబ్బరాయ కవి 1885లో, వేంకట రమణ కవి 1887లో పుట్టారు. అష్టావధానాలు, శతావధానాలు చేసి ఆంధ్రదేశమంతా మోగించిన అన్నదమ్ములు. అవధానం చూసిన పెద్దవాళ్ళకు తెలుసు, చూడని పిల్లల కోసం చెబుతాను. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు, కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. మొదటివారి పద్యంలో ఒక పాదం చెప్పి వదిలేస్తాడు. రెండోవారి దగ్గరికి వెళతాడు. అందరినీ ఒక చుట్టు తిరిగొచ్చి, మళ్ళీ మొదటివారి దగ్గర రెండో పాదం అందుకుంటాడు. మధ్యలో ఒకాయన ఏవేవో సంబంధం లేని ప్రశ్నలు వేసి దృష్టి చెదరగొడుతూనే ఉంటాడు, ఇంకొకాయన గంట కొడుతుంటాడు, ఆ గంటలూ లెక్కపెట్టుకోవాలి. ఇలా నాలుగు చుట్లు. చివర్లో పద్యాలన్నీ వరసగా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు.

ఇందులో మీకు పనికొచ్చే కిటుకులు రెండున్నాయి. ఒకటి, అవధాని దేన్నీ కాగితం మీద చూసుకోడు, ప్రతిసారీ తలలోంచే తీస్తాడు. రెండు, ఒకే పద్యాన్ని పట్టుకు కూర్చోడు. వదిలి, వేరేవాటి మీదికి వెళ్ళి, కొంత మరుపు కమ్మిన తరవాత మళ్ళీ దాని దగ్గరికొస్తాడు. ఆ మరుపులోంచి లాగినప్పుడే పట్టు బిగుస్తుంది. కొప్పరపు కవులు ఏ మనస్తత్వ శాస్త్రమూ చదవలేదు. కానీ పైన చెప్పిన ప్రయోగం ఏం చెప్పిందో, దాన్ని వాళ్ళు సభల్లో వందల మంది ముందు చేసి చూపించారు. ఆ నేల మీదే పుట్టిన పిల్లలు మీరు. మీకు పద్యాలు కట్టటం రాకపోవచ్చు, ధారణ మాత్రం అభ్యాసంతో ఎవరికైనా వస్తుంది.

ఇక చేసే పద్ధతి. ఒక పాఠం తీసుకోండి. పది నిమిషాలు శ్రద్ధగా చదవండి. పుస్తకం మూసెయ్యండి. తెల్లకాగితం మీదో, పాత నోటు పుస్తకం వెనకవైపో, ఏమీ లేకపోతే పలక మీదో, ఆ పాఠంలో గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు చక్కగా కుదరాలని లేదు. ముక్కలు ముక్కలుగానైనా పడనివ్వండి. గుర్తు రానప్పుడు వెంటనే పుస్తకం తెరవకండి. ఒక రెండు నిమిషాలు అవస్థ పడండి. ఆ అవస్థే చదువు. తరవాత పుస్తకం తెరిచి, మీరు వదిలేసినవి ఎర్రపెన్నుతో పక్కన రాసుకోండి. రేపు ఆ పాఠం మొత్తం చదవొద్దు, ఎర్రపెన్ను ముక్కలు మాత్రం చూసి, మళ్ళీ మూసి, మళ్ళీ రాయండి. రెండు రోజులు ఆగి ఇంకోసారి. మూడోసారికి ఎర్రసిరా ఎంత తగ్గిందో మీకే కనపడుతుంది. ఒకే పూట ఒకే సబ్జెక్టు పట్టుకోకుండా, లెక్కలు కాసేపు, సాంఘికం కాసేపు, మళ్ళీ లెక్కలు, ఇలా చుట్లు తిరగండి. తిరిగొచ్చిన ప్రతిసారీ కొంచెం కష్టంగా ఉంటుంది. కష్టంగా ఉందని మానెయ్యకండి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేదేమిటంటే, సగం పని పుస్తకం లేకుండానే జరుగుతుంది. కల్లంలో కాయ తిరగేస్తూ చెయ్యొచ్చు. గేదెలకు మేత వేస్తూ చెయ్యొచ్చు. బస్సు కోసం నిలబడి చెయ్యొచ్చు. ఉదయం చదివిన పాఠంలోంచి చిన్న చీటీ మీద అయిదారు ప్రశ్నలు రాసుకుని జేబులో వేసుకోండి. జవాబులు రాయకండి, ప్రశ్నలు మాత్రమే. పని మధ్యలో చీటీ తీసి ఒక ప్రశ్న చూసి, జవాబు పైకే చెప్పుకోండి. తోడుగా చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్ళ చేత అడిగించుకోండి. అమ్మకు అక్షరం రాకపోయినా ఫరవాలేదు. ఆవిడకు పాఠం విడమర్చి చెప్పండి. గుండె ఎలా పనిచేస్తుందో, మంచి రక్తం ఏ గదిలోంచి ఎటు పోతుందో అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఆ ప్రశ్న మీకు వచ్చినట్టే. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీ లోపం. ఆ రాత్రి ఆ ఒక్క చోటే చూసుకుంటే చాలు.

అసలు మీ పాఠాలు చాలావరకు మీ చుట్టూనే ఉన్నాయి. సాంఘికశాస్త్రంలో నేలల పాఠం ఉంది. నల్లరేగడి గురించి రాయమంటే పిల్లలు బట్టీ పట్టిన నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటారు. మీ చేలోకి దిగి చూడండి. ఎండాకాలం వచ్చేసరికి నేల నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి గాలి లోపలికి వెళుతుంది, నేలకు అదే ఊపిరి. వాన పడితే కాలు దిగబడి జిగురుగా అంటుకుంటుంది, అందుకే మొదటి వానకే దున్నుకోవాలి. మట్టి రేణువులు చాలా సన్నగా ఉండటం వల్ల చెమ్మ పట్టి ఉంచుతుంది, అందుకే పత్తికి సరిపోతుంది. కాల్షియం కార్బనేట్, మెగ్నీషియం, పొటాష్, సున్నం ఎక్కువ. భాస్వరం తక్కువ. మీ నాన్న అంత ఖర్చుపెట్టి భాస్వరం ఉన్న డీఏపీ ఎందుకు చల్లుతాడో ఇప్పుడు తెలిసిందా? ఈ జవాబు మీ పాదాలకే తెలుసు. దానికి పుస్తకంలో ఉన్న పేర్లు తగిలిస్తే చాలు.

లెక్కల్లో ఘనపరిమాణాల పాఠం తీసుకోండి. కల్లంలో ఎండిన కాయను పోగు చేస్తే అది శంకువు ఆకారంలో నిలబడుతుంది. అడుగు చుట్టూ తాడుతో కొలిచి వ్యాసార్థం కట్టండి, నిట్టనిలువు ఎత్తు అంచనా వెయ్యండి. మూడో వంతు పై ఆర్ స్క్వేర్ హెచ్ అనే సూత్రం ఒకసారి ఇలా చేసి చూసుకుంటే మూడో వంతు అన్న ముక్క జన్మలో మరిచిపోరు. పరీక్షలో ఎక్కువమంది వదిలేసేది ఆ మూడో వంతునే.

రసాయనశాస్త్రంలో సబ్బు పాఠం ఉంది కదా. మిరపకాయ కోసి వచ్చిన సాయంత్రం చేతులు భగ్గుమని మండుతుంటే మీరు నీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా మంట తగ్గదు. కాయలోని కారానికి కారణం కాప్సైసిన్ అనే పదార్థం. అది నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ముందు కొబ్బరినూనో, వంటనూనో బాగా రుద్ది, ఆ తరవాత సబ్బుతో కడగాలి. సబ్బు అణువుకు ఒక చివర నీళ్ళంటే ఇష్టం, పొడవాటి తోకకు నూనె అంటే ఇష్టం. తోకలన్నీ నూనె చుక్కలోకి దిగి, తలలు నీళ్ళవైపు ఉండి, మొత్తం ఒక గుండ్రటి ముద్దలా తయారవుతుంది. దాన్నే మిసెల్ అంటారు. నీళ్ళు పోస్తే ఆ ముద్ద కొట్టుకుపోతుంది. చేతికి నూనె రాసుకుంటూ ఆ బొమ్మ ఒకసారి గీసుకోండి. ఇంకో మాట, పరీక్ష ముందురోజు మాత్రం దయచేసి కాయ ముట్టుకోకండి. మండే వేళ్ళతో పెన్ను పట్టటం కష్టం. పొరపాటున ఆ వేళ్ళు కళ్ళకు తగిలితే ఆ పూట సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడాలి. అమ్మలారా, అయ్యలారా, మీ కష్టం నాకు తెలుసు. కూలి రేట్లు ఎలా ఉన్నాయో, కోతకు మనుషులు దొరక్క కాయ చెట్టు మీదే ఎలా పండి ఎండిపోతుందో, అకాల వాన పడితే కల్లంలో కాయ ఎలా తాలవుతుందో రోజూ చూస్తున్నదే. ఇంట్లో ఉన్న రెండు చేతులు కలిస్తే ఒక కూలి మిగులుతుందనే ఆలోచన తప్పు కాదు, ఆ అవసరం అలాంటిది. అయినా ఒక్కటి అడుగుతున్నాను. ఈ పరీక్షలు జరిగే రెండు వారాలు, వాటికి ముందు పది రోజులు, పదో తరగతి పిల్లల్ని చేలోకి పంపకండి. పేపరుకూ పేపరుకూ మధ్య సాధారణంగా ఒక రోజు ఖాళీ వస్తుంది. ఇంట్లోనే ఉన్నారు కదా అని ఆ రోజు పనిలోకి పిలవకండి. తరవాతి పేపరుకు చదువుకోవటానికి వాళ్ళకున్నది ఆ ఒక్క రోజే.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. మగపిల్లాణ్ణి చదువుకో నాయనా అని వదిలేసే ఇంట్లోనే, ఆడపిల్లను మాత్రం అందరూ చేలోకి వెళ్ళారు, వంట నువ్వు చూసుకో, తమ్ముణ్ణి చూసుకో అంటారు. పొద్దున నాలుగింటికి లేచి అన్నం వండి, క్యారేజీలు సర్ది, గిన్నెలు తోమి, అప్పుడు పుస్తకం పట్టుకునే పిల్లలు మన ఊళ్ళల్లో ఎంతోమంది ఉన్నారు. ఆ పిల్లే క్లాసులో మొదటి వరసలో ఉంటుంది కూడా. ఈ మూడు నాలుగు వారాలు ఇంటిపని ఇంట్లో అందరూ పంచుకోండి. నాన్న గిన్నెలు తోమితే తప్పేమీ లేదు.

ఈ మాటలు వినేవాళ్ళలో కర్నూలు వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు కూడా ఉండొచ్చు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి తియ్యటానికి, మిరపకాయ కొయ్యటానికి మా వైపుకు వస్తాయి. చేల పక్కనే గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉంటాయి. ఆ గుడారాల్లో పదో తరగతి పుస్తకాల సంచి ఉన్న పిల్ల ఒక్కతి ఉన్నా సరే, ఆ పిల్లను పరీక్షలకు ముందే సొంత ఊరికి, అవ్వ దగ్గరికో, అక్క దగ్గరికో పంపించండి. హాల్ టికెట్టు ఇచ్చేది అక్కడి బడే, సెంటరు ఉండేదీ అక్కడే. చేను యజమానులకూ, మేస్త్రీలకూ నా విన్నపం, అడ్వాన్సు లెక్కలు చూపించి ఆ పిల్లల ప్రయాణం ఆపకండి. దారి ఖర్చు మీరే పెట్టుకుంటే ఇంకా మంచిది. పిల్ల వచ్చే ఏడు రాస్తుందిలే అని ఆగిపోతే, ఆ వచ్చే ఏడు చాలామందికి రాలేదు.

నిద్ర సంగతి. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివితేనే శ్రద్ధగా చదివినట్టని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవాళ్ళు నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించారు. ఒకే విషయం నేర్పి, కొన్నిసార్లు ఆ తరవాత నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మేలుకునే ఉంచారు. నిద్రపోయిన తరవాతే ఎక్కువ గుర్తుంది. ఆ తరవాత వచ్చిన పరిశోధనలు కూడా ఈ మాటనే బలపరిచాయి. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పచ్చికాయ కోసి తెచ్చిన రోజే టిక్కీలకు ఎత్తితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఎండాల్సినన్ని రోజులు ఎండాల్సిందే, చదువుకు ఆ ఎండటం నిద్రే. రాత్రి పదిన్నరకల్లా పడుకోండి, అయిదింటికి లేవండి. పడుకునే ముందు సెల్‌ఫోన్ అమ్మ చేతికిచ్చెయ్యండి. రేపటి పేపరు ఇదేనంటూ వాట్సాప్‌లో తిరిగేవాటి జోలికి అసలే పోకండి. అందులో నిజం ఉండదు, ఉన్నా ముట్టుకోవటం నేరం. మీ రెండు గంటల నిద్ర మాత్రం ఖాయంగా పోతుంది.

మార్కుల లెక్క ఒకటి చూద్దాం. వెనకబడ్డాం, ఇక లాభం లేదు అనుకునే పిల్లలు దీన్ని జాగ్రత్తగా వినాలి. కొన్నేళ్ళుగా వస్తున్న లెక్కల పేపరులో 33 ప్రశ్నలు. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొత్తం 100. పాస్ కావటానికి 35 చాలు. ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలన్నీ కలిపితే 28. వీటికి ఒక్క ఎనిమిది మార్కుల ప్రశ్న జత చేస్తే 36. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలుంటుంది. కాబట్టి పుస్తకమంతా చూసి బెదిరిపోకండి. అధ్యాయానికి నాలుగయిదు సూత్రాలు, నిర్వచనాలు చూడకుండా రాయగలిగేట్టు చేసుకోండి. రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల గ్రాఫ్, థేల్స్ సిద్ధాంతం నిరూపణ, రూట్ రెండు కరణీయ సంఖ్య అని చూపించటం, ఇలాంటివి మూడు నాలుగు ఎంచుకుని వాటిని చేత్తో పదిసార్లు చెయ్యండి. చదవటం కాదు, చెయ్యండి. లెక్క చదివితే రాదు. భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం విడివిడిగా 50 మార్కుల పేపర్లు, రెండేసి గంటలు. అక్కడ బొమ్మలు మిమ్మల్ని ఆదుకుంటాయి. కటకాల కిరణచిత్రాలు, గుండె, నెఫ్రాన్, జీర్ణవ్యవస్థ. రోజుకు ఒక బొమ్మ, పుస్తకం చూడకుండా, భాగాల పేర్లతో సహా. హిందీలో పాస్ మార్కు 20 అని కూడా గుర్తుపెట్టుకోండి, చాలామంది పిల్లలకు అదొక భయం.

బాగా చదివే పిల్లలకు వేరే జాగ్రత్త కావాలి. వాళ్ళు పోగొట్టుకునేవి తెలియక పోగొట్టుకునే మార్కులు కావు, టైము చాలక పోగొట్టుకునేవి. మూడు గంటల పదిహేను నిమిషాలు ఆపకుండా రాయటం చేతికి అలవాటుండాలి. ఈ పది రోజుల్లో కనీసం రెండు పాత పేపర్లు గడియారం ముందు పెట్టుకుని, ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, మధ్యలో లేవకుండా రాయండి. నాలుగు మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు నింపే అలవాటుంటే అక్కడే బయటపడుతుంది.

పరీక్ష రోజు గురించి ఎక్కువ చెప్పను. హాల్ టికెట్టు, రెండు పెన్నులు, పెన్సిలు, స్కేలు రాత్రే సర్దిపెట్టుకోండి. సెంటరు వేరే ఊళ్ళో ఉంటే ముందురోజే ఒకసారి వెళ్ళి చూసి రండి. ఈ మధ్య ఏళ్ళల్లో హాల్ టికెట్టు చూపిస్తే పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు అడగటం లేదు. ఈ ఏడు ఎలా ఉందో బళ్ళో ముందే కనుక్కోండి. మనది ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న ప్రాంతం, మార్చిలోనే ఎండ మండిపోతుంది. మంచినీళ్ళ సీసా, తలకు గుడ్డ మరవకండి. ఉదయం అన్నం తినకుండా ఎవరూ బయలుదేరొద్దు. ప్రశ్నపత్రం చదువుకోవటానికి మొదట పదిహేను నిమిషాలుంటాయి. ఆ సమయంలో అందరూ తెలియని ప్రశ్నల దగ్గర ఆగిపోయి కంగారు పడతారు. మీరు తెలిసినవాటికి గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. ఏ జవాబయినా మొదటి ముక్క గుర్తు రాకపోతే మధ్యలోది రాయండి, బొమ్మ గీయండి, సూత్రం రాయండి. ఒక కొస అందితే మిగతాది దానివెంటే వస్తుంది. పేపరు అయ్యాక బయటికొచ్చి అందరూ చెట్టుకింద జవాబులు సరిచూసుకుంటారు. మీరు ఆగకండి. ఇంటికెళ్ళి అన్నం తిని, ఒక గంట పడుకుని లేచి తరవాతి పేపరు చీటీలు తియ్యండి.

చివరగా, ఫలితాల గురించి ఇప్పుడే మాట్లాడుకోవటం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో పదో తరగతి ఉత్తీర్ణత నూటికి 81 పైచిలుకు. 2022లో 67 మాత్రమే. అంటే ఏ ఏడయినా వేలాదిమంది పిల్లలు మొదటిసారి గట్టెక్కరు. వాళ్ళకోసం వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చు. పోయిన సబ్జెక్టు ఒకటో రెండో రాసుకుంటే సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఈ సంగతి ఫలితాల రోజున కాదు, ఇవాళే పిల్లలకు చెప్పాలి. పాసైనా ఫెయిలైనా నువ్వు మా పిల్లవే, ఈ ఇంట్లో నీ అన్నం నీకు ఉంటుంది అని ఇవాళే నోటితో చెప్పండి. మనసులో ఉంటే చాలదు. పక్కింటి పిల్లాడి మార్కులు ఎత్తకండి. పెట్టిన ఫీజులు ఎత్తకండి. మీ పిల్ల మాట్లాడటం మానేసినా, తిండి తగ్గించినా, నేనెందుకు పుట్టానో అన్నట్టు మాట్లాడినా, అది నటన అనుకోకుండా దగ్గర కూర్చోండి. పిల్లలూ, మీకు ఇంట్లో చెప్పుకోలేని దిగులు ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది. నంబరు 14416. రాత్రయినా పగలయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. ఈ నంబరు పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి, మీకు అక్కర లేకపోయినా పక్కన కూర్చునే స్నేహితుడికి అక్కర పడవచ్చు. సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీలు ఫలితాలు వచ్చిన వెంటనే ప్రకటిస్తారు, గడువు చాలా తక్కువ ఉంటుంది. ఆ రోజు మీ హెడ్మాస్టరు గారిని కలవండి, వారే దగ్గరుండి కట్టిస్తారు.